అకారణ జాప్యం

ముసలివాళ్ళు రోడ్డు మీద క్షేమంగా ఉండాలంటే అసలు రోడ్డు మీదికే రాకుండా ఉండటం ఉత్తమమని వయోవృద్ధ చలన క్షేమ విభాగం ఏనాడో కనిపెట్టింది. అయినా దయగల విభాగం కనుక, డెబ్బై దాటినవాళ్ళకు పరీక్ష పెట్టి లైసెన్సు పొడిగించే అవకాశం ఇచ్చింది. (అవకాశం ఇచ్చింది గాని, లైసెన్సు ఇస్తానని ఎక్కడా అనలేదు.)

లెక్కల టీచరమ్మ ఆ అవకాశం మీదే ఆశ పెట్టుకుంది. పక్షవాతం వచ్చి కోలుకుంటున్న మాస్టారిని వ్యాయామ చికిత్సకు కారులో తీసుకెళ్ళేది ఆవిడే. ఇంకెవరు నడిపినా మొగుడుగారు కళ్ళు మూసుకుని, సీటు పట్టుకుని కొయ్యబారిపోతారు. అక్కడికి చేరాక ఆ ఒళ్ళు సడలించేసరికే చికిత్స వేళ కాస్తా అయిపోతుంది. ఆవిడ నడిపితే మాత్రం సిగ్నల్ దగ్గర కునుకు కూడా తీస్తారు. ఈమధ్యే కర్ర సాయంతో వరండా దాకా నడిచారు. లైసెన్సు పోతే ఆ నడకా పోతుందని టీచరమ్మ భయం.

నిబంధన ప్రకారం అభ్యర్థి సొంత కారు తేవాలి, కాని తాను నడుపుకుంటూ రాకూడదు. అందుకని కోడలు నడిపింది. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఫోను, నోటితో ఆఫీసు మీటింగు. దారిలో ఎర్ర లైట్లను చూసీ చూడనట్టు వదిలేసింది.

"కాస్త మెల్లగా పోనివ్వమ్మాయ్, మామయ్య బిగుసుకుపోతున్నారు."

"టైమైపోతోంది అత్తయ్యా! భద్రత పరీక్షకి లేటుగా వెళ్తే ఏం బాగుంటుంది?"

(కోడలి లైసెన్సుకు ఇంకా బోలెడు గడువుంది.)

విభాగం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పాడైనప్పటి నుంచి మెట్లనే మోకాళ్ళ పరీక్షగా గుర్తించారు. ఎక్కినవాళ్ళు పాసు, ఎక్కలేనివాళ్ళు గైరుహాజరు. టీచరమ్మ ఆయాసపడుతూనే ఎక్కింది. కంటి పరీక్ష అక్షరాల పట్టికకు బీరువా అడ్డం రావడంతో, బీరువా మీద ఉన్నదే చదివించారు. అదీ గడిచింది. ఇక మిగిలింది వెనకవైపు ఆవరణలో ట్రాక్.

కోడలూ మాస్టారూ రేకుల షెడ్డు కింద కూర్చున్నారు. పరీక్షాధికారి స్టాప్‌వాచీతో టీచరమ్మ పక్క సీట్లో కూర్చున్నాడు. ఆవిడ అద్దం చూసుకుంది, సిగ్నల్ వేసింది, ట్రాక్ మధ్యలో నిలబెట్టిన అట్ట మనిషి ముందు ఠక్కున ఆగింది. అధికారి మెచ్చుకుని మార్కు వేశాడు.

మలుపు తిరిగేసరికి నిజం మనిషి ఎదురయ్యాడు. ఫెయిలైనవాళ్ళు నడిచే గేటు గుండానే బయటికి పోవాలి. ఆ గేటు ట్రాక్‌కి అవతల ఉంది. అంతకుముందే ఫెయిలైన తాతగారొకాయన కర్ర తాటించుకుంటూ అటు దాటుతున్నాడు. టీచరమ్మ కారాపింది. ఆయన దాటేదాకా ఆగింది.

"ఎందుకాపారమ్మా?"

"మనిషి దాటుతున్నాడు కదండీ."

"ఆయన పరీక్షలో భాగం కాదమ్మా. ఫారంలో అట్ట మనిషికి కాలమ్ ఉంది, ఈయనకి లేదు. కాలమ్ లేకపోతే అకారణ జాప్యం కింద రాయాలి."

"అయితే గుద్దేయమంటారా?"

"నేనలా అన్లేదే!" అధికారి నొచ్చుకున్నాడు. "అయినా దానికీ కాలమ్ లేదు."

ఫెయిల్. మళ్ళీ పరీక్ష వచ్చే ఏడాది.

"మా ఆయన నడకకి అంతదాకా ఆగే ఓపిక లేదు బాబూ," అంది టీచరమ్మ. అధికారి పాపం మంచివాడే. మంచినీళ్ళిచ్చి, నడిచే గేటు చూపించాడు.

కోడలు మాస్టారిని కారెక్కించి స్టీరింగు ముందు కూర్చుంది. ఆయన అప్పుడే కళ్ళు మూసుకుని సీటు పట్టుకున్నారు. వాళ్ళు పెద్ద గేటు గుండా వెళ్ళిపోతే, టీచరమ్మ ఒక్కతే ట్రాక్ దాటడానికి అడుగేసింది.

వరసలో తర్వాతి పెద్దమనిషి ఇందాకటి నుంచి ఇదంతా శ్రద్ధగా గమనిస్తూనే ఉన్నాడు. ఆయన కారు మలుపు తిరిగి దూసుకొచ్చింది. టీచరమ్మ ఒక్క ఉదుటున వెనక్కి గెంతింది. చెప్పు ఒకటి ట్రాక్ మీదే ఉండిపోయింది.

ఆయన పూర్తి మార్కులతో పాసయ్యాడు.