ఒక్క వాక్యం సవరణ

మాస్టారు ఆ ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ చల్లారేలోపు పాఠంలో ఒక్క వాక్యం చేర్చడం, స్నానం చేయడం, పదింటికి లైబ్రరీకి వెళ్లడం.

మాస్టారని పేరేగాని ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. కోడింగ్ పాఠాలు రాసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. మూడేళ్ల కష్టం అది. ఆ రోజు లైబ్రరీలో ఇరవైమంది మొదటి పాఠం నేర్చుకుంటారు. నచ్చితే ఏడాదంతా అవే పాఠాలు, లేకపోతే వేరేవాళ్లవి.

ముందురోజు ఆ పాఠాన్ని అత్తగారి మీద ప్రయోగించారు. ముప్పై ఏళ్లు బట్టలు కుట్టి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ప్రింటు తీసిన ఆ ఒక్క పేజీ ముందు పెట్టుకుని చెప్పింది చెప్పినట్టు చేసి, నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయింది.

“మార్చింది తెర మీదకి రావట్లేదు బాబూ.”

“సేవ్ చేశారా అత్తయ్యా?”

“చెయ్యమని ఇందులో ఎక్కడుంది?”

ఎక్కడా లేదు. మూడేళ్లుగా ఎవరి కంటా పడలేదు. ఆవిడ చెవి మీది పెన్సిలు తీసి తన కాగితం మీద ఆ వాక్యం రాసేసుకుంది.

మాస్టారికి అంత సులువుగా కుదరదు. ఏ మార్పునైనా ఇంటర్నెట్‌లో ఆ పాఠాలు దిద్దేవాళ్లలో మరో ఇద్దరు చూసి సరేననాలి. చదవకుండానే సరే కొట్టేస్తున్నారని ఒళ్లు మండి, చూసిన ప్రతివాళ్లూ కనీసం ఒక సూచన చేసి తీరాలని పోయినేడు ఆయనే నిబంధన పెట్టారు.

ఏడింటికి వాక్యం పంపారు. సేవ్ బటన్ ఎక్కడుందో బొమ్మ పెట్టమని ఒకాయన అడిగాడు. బొమ్మ కొత్త మార్పు గనక మరో ఇద్దరు చూడాలి. చూపులేనివాళ్ల కోసం బొమ్మకు వివరణ రాయమంది ఒకామె. ఫైలంటే ఏమిటో చెప్పకుండా సేవ్ చేయమనడం అన్యాయమన్నాడు ఇంకొకడు. ఫైలు గురించి రాస్తే ఫోల్డరు మాటేమిటన్నారు. తిడదామన్నా వీల్లేదు, అందరూ ఆయన నిబంధనే పాటిస్తున్నారు. కామాలకు ఆమోదం అక్కర్లేదు కాబట్టి, తొమ్మిదిన్నరకు ఇద్దరు దయతలచి చెరొక కామా అడిగి సరేనన్నారు.

పావు తక్కువ పదికి లైబ్రేరియన్ ఫోన్ చేసింది.

“సార్, పాఠం ఒక పేజీ అన్నారు కదా. ఇప్పుడు తీస్తే పంతొమ్మిది వస్తున్నాయి. ఆరుగురికి తీసేసరికి కాగితం అయిపోయింది. అది చూసి ఇద్దరు లేచి వెళ్లిపోయారు.”

మాస్టారు స్నానం సంగతి మరిచి పరుగెత్తారు.

హాల్లో కీబోర్డుల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఇరవైమందీ ఉన్నారు, వెళ్లినవాళ్లతో సహా. తనూ నేర్చుకుందామని తొమ్మిదికే వచ్చిన అత్తగారు వాళ్ల మధ్య తిరుగుతోంది. ఆవిడ దగ్గరున్న పాత పేజీని, ఆ పంతొమ్మిది పేజీల వెనకవైపు కాపీలు తీసి అందరికీ పంచారు.

“ఏడాదంతా ఈ పాఠాలే చెప్పుకుంటాం సార్,” అంది లైబ్రేరియన్. “ఆ పెన్సిల్‌తో రాసిన వాక్యం మాత్రం తియ్యకండి.”

మాస్టారికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. “రెండున్నర గంటలు పట్టింది అత్తయ్యా నాకు ఆ వాక్యానికి.”

“నేనెవర్నీ అడగలేదు బాబూ,” అంది ఆవిడ.

ఇంటికి రాగానే ఆ నిబంధన తీసేయాలని మాస్టారు ఒక చిన్న సవరణ పంపారు. ప్రస్తుతానికి అది సూచనలతో పెరిగి పదకొండో పేజీలో ఉంది.