మూడో అంతస్తుకు నారాయణమ్మ ప్రయాణం

ధర్మవరం పట్టుచీరల అంగడి ఓబుళప్ప ఆ రోజు పొద్దున్నే వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిగంటలకు చెన్నేకొత్తపల్లి నారాయణమ్మను కొత్త లిఫ్టులో మూడో అంతస్తుకు తీసుకుపోవాలి, ఆమె మనవడి పెళ్లి చీరలన్నీ తన దగ్గరే కొనిపించాలి. పెళ్లి చీరలుండేది మూడో అంతస్తులో. నారాయణమ్మ మోకాళ్లు మెట్లెక్కవు. అందుకే ఆ ఇంట్లో గడిచిన రెండు పెళ్లిళ్ల చీరల బేరమూ ఎదురంగడికి పోయింది. ఎదురంగడిలో సరుకు అంతంతమాత్రమే, కానీ మెట్లెక్కే పని లేదు. ఆ అవమానం భరించలేకే ఓబుళప్ప లిఫ్టు పెట్టించాడు. ఈసారి కూడా ఆ కుటుంబం రోడ్డు దాటిందంటే ఇక బజారులో తలెత్తుకోలేడు.

హిందూపురం మెకానిక్ తన్వీర్ చివరిసారి లిఫ్టును పైకీ కిందికీ నడిపి చూపించి, పెనుకొండలో ఇంకో పని ఉందని బండెక్కాడు. అతను వెళ్లగానే ఓబుళప్ప భార్య సుశీలమ్మ పూజ పళ్లెంతో దిగింది. పూజ చేయకుండా సైకిలు కూడా ఎక్కని వంశం వాళ్లది. గడపకు పసుపు, గోడకు విభూతి, నాలుగు మూలలా నిమ్మకాయలు అయ్యాక, తలుపు అంచుల వెంట నిలువునా ఉన్న నల్లటి పట్టీలు ఆమె కంటికి మరీ బోడిగా కనిపించాయి. వాటికి కింది నుంచి పై దాకా గంధం మెత్తి, కుంకుమ బొట్లు పెట్టింది. చూడముచ్చటగా ఉందని ఓబుళప్ప కూడా మెచ్చుకున్నాడు. తొలిసారి ఎక్కేది నారాయణమ్మే కావాలని ఆ తర్వాత ఎవరినీ లోపల కాలు పెట్టనివ్వలేదు.

పదింటికి నారాయణమ్మ కారు దిగింది. వెంట కోడలు బుజ్జమ్మ, ఆమె అక్కచెల్లెళ్లు నలుగురు. అందరినీ ఎక్కించి ఓబుళప్ప మూడో నంబరు నొక్కాడు. తలుపు బెత్తెడు కదిలి వెనక్కి పోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే.

లోపల 'ఆరుగురు మాత్రమే' అని బోర్డు ఉంది. ఓబుళప్ప లెక్కపెట్టి, ఏడోవాడు తానేనని దిగిపోయాడు. తలుపు మూసుకోలేదు.

"బరువు ఇంగా ఎక్కువైనట్టుండాది. ఎవరన్నా ఒకరు దిగితే..." అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

"నన్ను చూసి అంటాండావా?" అంది బుజ్జమ్మ అక్క.

"అయ్యో, లేదక్కా! ఊరికే అన్నా."

ఊరికే అన్నందుకు ఆమె దిగింది. తలుపు మూసుకోలేదు. తర్వాత ఇంకో చెల్లెలు, ఆ తర్వాత మరో ఇద్దరు. దిగిన ప్రతి ఒక్కరూ ఓబుళప్పను కాల్చేసేలా చూశారు. చివరికి లోపల అత్తాకోడళ్లు ఇద్దరే మిగిలారు. తలుపు ఇంకా నోరు తెరుచుకునే ఉంది.

"అమ్మా, మీరు ఒక్క అర నిమిషం..." అన్నాడు ఓబుళప్ప, బుజ్జమ్మతో.

"అంటే ఆరుగురి బరువూ నా ఒక్కదానిదేనా?" అని బుజ్జమ్మ కొంగు దోపుకుంది. "పదండే, ఎదురంగడికి పోదాం. ఆడ మనల్ని ఎవరూ తూకమెయ్యరు."

అయిదుగురూ రోడ్డు దాటారు. దిష్టి తగిలిందని సుశీలమ్మ గుమ్మడికాయ పగలగొట్టి, నల్లపట్టీలకు ఇంకో పూత గంధం వేసింది. ఓబుళప్ప తన్వీర్‌కు ఫోను చేశాడు. అతను సగం దారిలోనే బండి తిప్పాడు. నారాయణమ్మ మాత్రం లిఫ్టులోకే కుర్చీ తెప్పించుకుని, ఫ్యాను కింద హాయిగా కూర్చుంది.

అరగంటకు తన్వీర్ వచ్చి, తలుపు అంచులు చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"సార్, ఇవి దీని కండ్లు! మనిషి అడ్డముంటే తలుపు ముయ్యదు. మీరు కండ్లకు గంధం పూస్తే, ఎప్పుడూ ఎవరో నిలబడుకోనుండారనే అనుకుంటాది." తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు.

సరిగ్గా అప్పుడే బుజ్జమ్మ అక్కచెల్లెళ్లతో ఎదురంగడి నుంచి వచ్చింది. "అత్తా, ఆడ చీరలు బాగుండాయి. పోదాం రా!"

నారాయణమ్మ కుర్చీలోంచి కదల్లేదు. బుజ్జమ్మ లోపలికి రాబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ఆడే ఉండు తల్లీ. బరువైతాదంట." ఓబుళప్పను మాత్రం లోపలికి లాగి, తానే మూడో నంబరు నొక్కింది. తలుపు బుజ్జమ్మ ముఖం ముందు మెత్తగా మూసుకుంది.

పైన చీరల మధ్య కూర్చున్నాక ముసలామె నోరు విప్పింది.

"ముప్పై ఏండ్లప్పా. నాకు నచ్చింది చేతిలోకి తీసుకుంటే చాలు, ఈ వయసులో ఈ రంగేమిటికత్తా అని పక్కన పెడతారు. అందరినీ దింపి నన్ను ఒక్కదాన్నే ఉంచిన పుణ్యాత్ముడివి నువ్వొక్కడివే. ముందు ఆ మిరపపండు రంగుది తియ్యి. అది నాకు."

ఓబుళప్పకు కళ్లు చెమర్చాయి. అది జాలితోనో సంతోషంతోనో అతనికే తెలియదు. రెండు గంటలపాటు ఆమె ఎవరినీ అడగకుండా పెళ్లికూతురికి, కోడలికి, కోడలి అక్కచెల్లెళ్లకు, ఊళ్లోని ఆడబిడ్డలకు తనకు నచ్చిన రంగులే ఏరింది. కింద బుజ్జమ్మ బృందం మెట్లెక్కే ఓపికా, లిఫ్టు ఎక్కే ధైర్యమూ లేక బల్లమీద కూర్చుని మజ్జిగ తాగింది.

సాయంత్రం తన్వీర్ తన కంపెనీ సర్వీసు కాగితం చాపాడు. 'లిఫ్టు పనిచేయనందువల్ల కలిగిన నష్టం' అన్న గడి దగ్గర ఓబుళప్ప చాలాసేపు ఆలోచించి, 'ఇరవై మూడు పట్టుచీరలు అమ్ముడుపోయాయి' అని రాసి సంతకం పెట్టాడు.