వాస్తే మెదడే వాయాలి

అయ్యా, అమ్మా! ఒంట్లో ఏదో ఒకటి వాచి తీరాలని రాసిపెట్టి ఉంటే మెదడే వాయాలని కోరుకోండి. నా మాట నమ్మండి.

కాలు వాచిందనుకోండి, ఎంత ఇబ్బంది! చుట్టాలు దిగుతారు. పళ్లు తెస్తారు. మంచం చుట్టూ చేరి తలా ఒక సలహా పారేస్తారు. మెదడు వాస్తే ఆ బెడద లేదు. కంటికి కనబడని వాపుకు పరామర్శలేమిటి?

మా అక్క టైలర్. ఆమెకు మెదడు వాచింది. టేపు మెడలో వేలాడుతుండగానే టేపు కోసం కొట్టంతా వెతికింది. కత్తెర చేతిలో పట్టుకుని, దాంతో ఏం చేయాలో తెలియక ఏడ్చింది. జబ్బని ఒక్కరైనా అన్నారా? బావ పొగరన్నాడు. అత్తగారు నటన అన్నారు. వీధి చివరి డాక్టరు టెన్షన్ అని చెప్పి, సెల్‌ఫోన్ తగ్గించమన్నాడు. చూశారా, పరీక్షలూ గిరీక్షలూ లేకుండానే ఎంతమంది జబ్బు తేల్చేశారో!

చివరికి పెద్దాసుపత్రిలో న్యూరాలజిస్టు గారు అసలు సంగతి చెప్పారు. మెదడులో కాపలా కణాలు ఉంటాయట. చెత్త ఎత్తడం వాటి పని. వాపు వచ్చిందా, వాటికి ఒళ్లు తెలియదు. నరాల కణాలను ఒకదానితో ఒకటి కలిపే సైనాప్స్‌లను కూడా చెత్త కింద జమకట్టి నమిలేస్తాయట. మా అక్క భాషలో చెప్పాలంటే, గుడ్డ గుడ్డలాగే ఉంది, కుట్లు ఊడిపోయాయి. ఇంత ఒళ్లు వంచి డ్యూటీ చేసే వాచ్‌మన్ మీ అపార్ట్‌మెంట్‌లో ఉన్నాడా?

నాకైతే అంతా లాభమే. నా చొక్కా చూసి అక్క తిట్టని రోజు ఉండేది కాదు. ఇది చొక్కానా గోనెసంచా, విప్పి ఇటు పడేయరా అనేది. ఇప్పుడా పోరు లేదు. నిన్న బొత్తాలు కావాలనే ఎగుడుదిగుడుగా పెట్టుకుని ఆమె ఎదుట నిలబడ్డాను. పైనుంచి కిందిదాకా చూసింది.

"చొక్కా బాగుందండీ," అంది. "ఎవరు కుట్టారు?"

కుట్టింది ఆమే.

మందులు పనిచేస్తే కొన్ని కుట్లు మళ్లీ పడొచ్చట. ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే మరిన్ని పడేవట. అంత తొందరేం వచ్చింది? పొగరు దానంతట అదే దిగుతుందని ఇంటిల్లిపాదీ ఓపిగ్గా ఎదురుచూశారు. మీ ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి మారిపోతే మీరూ అలాగే చూడండి. చుట్టాల రాకపోకలు ఉండవు, హాయిగా ఉంటుంది.

నేను మాత్రం రేపు కూడా బొత్తాలు తప్పుగా పెట్టుకునే వెళ్తాను. ఎప్పటికైనా తిట్టకపోతుందా!