గౌరవ వీడ్కోలు కేకు

"ఈ రోజు నుంచి మన రాష్ట్రంలో ఏ ఒక్క ఉద్యోగినీ కేకు ఇవ్వకుండా తీసెయ్యడానికి వీల్లేదు!" అని శాసనసభ్యులు హార్లన్ టిడ్వెల్ గారు శాసనసభ మెట్ల మీద నిలబడి ప్రకటించారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి. టీవీ వాళ్ళు సరిగ్గా తియ్యలేదేమోనని మరోసారి చెమర్చాయి.

ఆయనది అంత వెన్నలాంటి మనసు. ఎవర్నైనా ఎప్పుడైనా కారణం చెప్పకుండా ఉద్యోగంలోంచి తీసెయ్యచ్చన్నది అక్కడ తాతలనాటి పద్ధతి. పెద్దలు కట్టిన గోడని కదపడం ఆయనకి ఇష్టం లేదు. సున్నం మాత్రం కొట్టించారు. దాని పేరు గౌరవ వీడ్కోలు చట్టం. కారణం చెప్పడం యజమాని ఇష్టం, కేకు ఇవ్వడం మాత్రం తప్పనిసరి.

"కారణం వింటే మనసు చివుక్కుమంటుంది, కేకు తింటే నోరు తీపవుతుంది. ఏది మేలో మీరే చెప్పండి," అన్నారాయన. విలేకరులు రాసుకున్నారు.

ఈ చట్టంతో దశ తిరిగినవాళ్ళలో డార్లా ఒకతె. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క సూపర్ మార్కెట్‌లో, బేకరీ కౌంటర్ వెనక కేకుల మీద క్రీముతో పేర్లు రాయడం ఆమె పని. మైకా కడుపులో పడ్డప్పుడు బడి మానేసింది గానీ చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉంటుంది. మైకాకి ఇప్పుడు మూడేళ్ళు. ఉబ్బసం. మందు పీల్చే గొట్టం ఇన్సూరెన్స్ మీద వస్తుంది, ఇన్సూరెన్స్ ఉద్యోగం మీద వస్తుంది. ఉద్యోగం దేని మీద నిలబడిందో డార్లా ఆలోచించేది కాదు. ఆలోచిస్తే అక్షరాలు వంకర పోతాయి.

చట్టం వచ్చాక ఎవరి పని అయిపోయిందో వాళ్ళకంటే ముందు డార్లాకి తెలిసేది. మేనేజరు స్టబ్స్ గారు వచ్చి చెవిలో ఒక పేరు చెప్పి వెళ్ళేవారు. ఆమె క్రీము గొట్టం చేతిలోకి తీసుకుంటే చాలు, షాపంతా ఊపిరి బిగబట్టేది. ఒకసారి క్యాషియరు బెవర్లీ పుట్టినరోజుకని వాళ్ళాయన ఒక కేకు చేయించాడు. దాని మీద తన పేరు చూసుకుని ఆవిడ ఏప్రన్ విప్పేసి, కారెక్కి వెళ్ళిపోయింది.

"ఫోన్ చేసి వెనక్కి పిలుద్దామా సార్?" అని అడిగింది డార్లా.

"ఎందుకు? తనంతట తనే వెళ్ళింది. మనకో కేకు కలిసొచ్చింది," అన్నారు స్టబ్స్ గారు.

అలా ఉండగా మాంసం కౌంటర్ దగ్గర మురుగు కాలవ పొంగింది. అక్కడ పనిచేసే ముసలి వర్జిల్ రెండుసార్లు స్టబ్స్ గారికి చెప్పి, మూడోసారి ఆరోగ్య శాఖకి ఫోన్ చేశాడు. మర్నాడు పొద్దున్నే స్టబ్స్ గారు బేకరీకి వచ్చారు.

"వర్జిల్. గులాబీలు కాస్త ఎక్కువ వెయ్యి."

"ఎందుకు సార్?"

"గులాబీలా?"

"వర్జిల్ గారి పేరు."

"కారణం లేదు. లేదని గట్టిగా గుర్తుపెట్టుకో. కారణం లేకపోతే చట్టం మన వైపు ఉంటుంది. ఫిర్యాదు చేశాడని తీస్తే మాత్రం నేరమట. అది గానీ నోరు జారి బయటికొచ్చిందో, కోర్టు మెట్లెక్కాలి. హెడ్డాఫీసు లాయరమ్మ తెగ చెప్పింది."

ఆ మధ్య మైకాకి ఊపిరాడనప్పుడు తన ట్రక్కులో ఆసుపత్రికి తీసుకెళ్ళింది వర్జిలే. డార్లా గులాబీలు ఎక్కువే వేసింది. 'ధన్యవాదాలు వర్జిల్' అని రాసింది. చెయ్యి అక్కడ ఆగలేదు.

అందరూ చేరిన గదిలో వర్జిల్ కళ్ళద్దాలు పెట్టుకుని, కేకు మీద అక్షరాలు పైకి చదివాడు. "ధన్యవాదాలు వర్జిల్, మురుగు సంగతి చెప్పినందుకు." తరవాత తల ఎత్తాడు. "ఇదేంటి స్టబ్స్ గారూ, కారణం చెప్పరనుకున్నానే!"

స్టబ్స్ గారు లాయరమ్మకి ఫోన్ కలిపారు. ఆవిడ గొంతు గదంతా వినిపించింది.

"కేకు ఎక్కడుంది?"

"బల్ల మీద."

"తినెయ్యండి."

"నాకు షుగరండీ..."

"అక్షరాలున్న వైపు నుంచి మొదలెట్టండి!"

స్టబ్స్ గారూ ఇద్దరు సూపర్‌వైజర్లూ చేతులతోనే తిన్నారు. ఫొటో తీద్దామని వర్జిల్ ఫోను తీసేలోగా 'మురుగు' మాయమైంది.

"నా కేకండీ అది. ఒక్క ముక్కైనా పెట్టరా?"

"నీకు ఇంకోటి చేయిస్తాం! దగ్గరికి రాకు!" అన్నారు స్టబ్స్ గారు, నిండిన నోటితో.

కొత్త కేకు పట్టుకుని పార్కింగ్ దాకా వెళ్ళి వర్జిల్ వెనక్కి తిరిగాడు. "నా గురించి బెంగపడకు పిల్లా. నీ ఉద్యోగానికీ ఢోకా లేదు. కేకు లేకుండా నిన్ను తియ్యలేరు, నీ కేకు మీద నువ్వే రాయాలి. చచ్చినా రాయకు."

డార్లాకి ఆ ఆలోచనే రాలేదు. నిజమే! రాష్ట్రం మొత్తానికి స్థిరమైన ఉద్యోగం తనదే. ఆ వారమంతా కంటినిండా నిద్రపోయింది. స్టబ్స్ గారు కూడా పల్లెత్తు మాట అనలేదు. "మనది ఒక కుటుంబం. కుటుంబంలో కారణాలు రాసుకోరమ్మా," అని మాత్రం అన్నారు.

నెల తిరక్కుండానే బేకరీలోకి కేకుల మీద అచ్చు వేసే యంత్రం వచ్చింది. దాన్ని ప్రారంభించడానికి టిడ్వెల్ గారు స్వయంగా విచ్చేశారు. హైస్కూలు బ్యాండు వాయించింది. ఉతికిన ఏప్రన్ కట్టుకుని యంత్రం పక్కన నిలబడమని డార్లాకి ముందే చెప్పి ఉంచారు.

"మనిషన్నాక చెయ్యి వణుకుతుంది, అప్పుడప్పుడు హద్దు దాటుతుంది," అన్నారు టిడ్వెల్ గారు. "యంత్రానికి కారణాలు తెలియవు!"

చప్పట్లు మోగాయి. ఆయన మీట నొక్కారు. యంత్రం కాసేపు గొణిగి కేకుని బయటికి తోసింది. 'ధన్యవాదాలు డార్లా.' గులాబీలు ఎక్కువే ఉన్నాయి.

స్టబ్స్ గారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.

"సార్, ఇన్సూరెన్స్..." అంది డార్లా, పెదవులు కదపకుండా.

"నవ్వు, కెమెరా ఇటే చూస్తోంది. ఇవాళ రాత్రితో ఆఖరు."

టిడ్వెల్ గారు 'డార్లా' అని ఉన్న చోట నుంచే పెద్ద ముక్క కోసి, పళ్ళెంలో పెట్టి, పక్కన నిలబడ్డ డార్లా చేతికిచ్చారు. కెమెరాల వైపు తిరిగి, "చూడండి, శ్రామికురాలి మొహంలో ఆ వెలుగు!" అన్నారు. తరవాత ఆప్యాయంగా ఆమె భుజం తట్టారు.

"నీ పేరేంటమ్మా?"

డార్లా పళ్ళెం ఆయన ముందుకు చాపింది.

"వద్దు తల్లీ, నాకు తీపి పడదు," అన్నారు టిడ్వెల్ గారు.