ఉడుత ఇగురుకి వాటాలు

ఒక పెద్ద అడవిలో, అది ఏ అడవి అని మాత్రం నన్నడక్కండి, అక్కడి వాళ్ళకి కోపమొస్తుంది, జంతువులన్నీ కలిసి ఒక పంచాయతీ పెట్టుకున్నాయి. చిరుతపులి ప్రెసిడెంటు. నక్క సెక్రటరీ. ఎలుగుబంటి వంటలకీ వడ్డనలకీ పెద్ద. ఇక దుప్పి ఉందే, అది ఏ మీటింగుకైనా ముందొచ్చి కూర్చునే మెంబరు.

ఒకరోజు నక్క సెక్రటరీ పెదాలు నాక్కుంటూ వచ్చింది.

"ప్రెసిడెంటుగారూ, వేటగాళ్ళ గుడారం వైపు వెళ్ళానండీ. ఉడుత ఇగురు వండుతున్నారు. ఆ వాసనకి నా కాళ్ళు అక్కణ్ణించి కదల్లేదంటే నమ్మండి."

"ఉడుతా! నా పంటి సందులోకి కూడా రాదు కదయ్యా," అన్నారు ప్రెసిడెంటుగారు.

"అదేనండీ గొప్ప! దున్నని ఎవరైనా తింటారు. ఉడుతని తినడం హోదా."

హోదా అనేసరికి ప్రెసిడెంటుగారి మీసాలు నిక్కబొడుచుకున్నాయి. మన మనుషుల్లో మాత్రం ఇంతే కాదా ఏంటి!

"అయితే కానివ్వండి," అన్నారు.

"కానీ పద్ధతిగా చెయ్యాలండీ. వేటగాళ్ళకి ఒక కట్టుబాటుంది. ముందు వాటాలు తేలాలి, ఆ తర్వాతే కత్తి. వేటలో అందరికంటే ఎక్కువ పరిగెత్తినవాళ్ళకి వెనక తొడలు. ఒకసారి తేలిన వాటాని రెండోవాళ్ళు ముట్టుకోకూడదు."

ఆ కట్టుబాటుని అక్కడికక్కడే తీర్మానం చేసేశారు. వెనక తొడలు తనకే వస్తాయని నక్క ధీమా.

పట్టుబడింది బుల్లెమ్మ అనే ఉడుత. ఇంకా కళ్ళు తెరవని పిల్లల్ని తొర్రలో వదిలి మేతకి దిగింది పాపం. నక్క కేకలేసి అన్నివైపుల నుంచీ తరిమిస్తే, తిరిగి తిరిగి, ఎగిరి ఎగిరి, చివరికి అలిసిపోయి ఎలుగుబంటి అరచేతిలో పడింది. దాని వెనక కాళ్ళు రెండూ కలిపి తాడుతో మేకుకి కట్టేశారు.

మూడు రాళ్ళ మీద కుండ ఎక్కింది. ఎలుగుబంటి అల్లం, మిరియాలు నూరుతూ చెప్పుకుపోతోంది.

"బొచ్చు మంట మీద కాల్చి, పసుపు రాసి, చింతచిగురేసి సన్నసెగ మీద ఇగరబెట్టానంటే, కుండని కూడా నాకేస్తారు!"

బుల్లెమ్మకి తొర్రలోని పిల్లలు గుర్తొచ్చాయి. అయినా చెవులు రిక్కించి ఒక్కో మాటా వింటూ కూర్చుంది.

నక్క తీర్మానం పైకి చదివింది, వాటాలు మొదలయ్యాయి. తల, కాలేయం ప్రెసిడెంటుగారికి. వీపు ఎలుగుబంటికి.

"నా వాటా?" అంది దుప్పి.

"నువ్వు గడ్డి కదమ్మా తినేది!"

"తినను. అలాగని వాటా వదులుకోవాలా? నేను మెంబర్ని."

సరే, దుప్పికి ముందుకాళ్ళు రాసేశారు. అప్పుడు నక్క గొంతు సవరించుకుంది. "ఇక వెనక తొడలు నావండీ."

"ఏవయ్యా సెక్రటరీ, నువ్వెప్పుడు పరిగెత్తావు?" ఎలుగుబంటి రోకలి ఆపేసింది. "చెట్టు నీడన కూర్చుని కేకలేశావు. చెమటలు కారింది నాకు!"

"నేను రెండు వాగులు దాటాను," అంది దుప్పి.

"నువ్వు భయపడి దాటావు!" అంది నక్క.

ముగ్గురూ కొట్టుకునేదాకా వచ్చింది. అప్పుడు మేకు దగ్గర్నించి సన్నటి గొంతు వినబడింది.

"అయ్యగారూ, చచ్చేదాన్ని, ఒక మాట చెప్పొచ్చా? ఇవాళ అందరికంటే ఎక్కువ పరిగెత్తింది నేనే కదండీ."



"అది వేట. దానికి వాటా ఏంటి?" నక్క ఎగిరిపడింది.

"తీర్మానంలో ఎక్కువ పరిగెత్తినవాళ్ళకి అనే ఉంది," అంది దుప్పి. "ఉడుత కాకూడదని లేదు."

ఎలుగుబంటికి ఉడుత మీద ప్రేమేం లేదు. నక్కకి దక్కకుండా పోతే అదే పదివేలు. "న్యాయం మాట్లాడింది పిల్ల! తొడలు దానివే!" అంది.

ప్రెసిడెంటుగారికి ఆకలేస్తోంది. "సరే, వెనక తొడలు బుల్లెమ్మవి. అయిపోయింది. ఇక కత్తి తియ్యండి."

"తియ్యండయ్యగారూ," అంది బుల్లెమ్మ. "కానీ తేలిన వాటాని రెండోవాళ్ళు ముట్టుకోకూడదన్నారు. మరి నా తొడలకి ఈ పంచాయతీ తాడు ఏంటండీ?"

"అవును, అన్యాయం!" అంది దుప్పి.

"విప్పొద్దు! విప్పొద్దు!" అని నక్క నెత్తీనోరూ కొట్టుకుంది.

"తొడలు రాలేదని ఏడుపు," అని ఎలుగుబంటి తాడు విప్పేసింది.

ఇంకేముంది, బుల్లెమ్మ తన వాటా రెండింటినీ గట్టిగా నేలకి తన్ని, ఒక్క దూకులో మద్దిచెట్టు చిటారుకొమ్మకి చేరింది.

"ఏమ్మా, మా వాటాలు?" అని ఎలుగుబంటి పైకి అరిచింది.

"పైకొచ్చి పట్టుకెళ్ళండి బాబూ, నేను కాదన్నానా!" అని బుల్లెమ్మ పిల్లల దగ్గరికి పోయింది.

కింద కుండ తెర్లుతోంది. నూరిన మసాలా ఘుమఘుమలాడుతోంది. ప్రెసిడెంటుగారు నెమ్మదిగా నక్క వైపు తిరిగి, తల నుంచి తోక దాకా ఒకసారి చూశారు. ఎలుగుబంటి కూడా చూసింది. దుప్పి అయితే, తన వాటాకి రావలసిన ముందుకాళ్ళనే చూసింది.

"అయ్యా! ముందు వాటాలు తేలాలి!" అంది నక్క వెనక్కి జరుగుతూ.

"తేలాయిగా," అన్నారు ప్రెసిడెంటుగారు. "తల నాది, వీపు వాడిది, ముందుకాళ్ళు ఆవిడవి."

నక్క పారిపోబోయింది.

"పరిగెత్తకు సెక్రటరీ!" ఎలుగుబంటి అరిచింది. "పరిగెత్తావంటే ఈసారి తొడలు నీకే రాయాల్సొస్తుంది!"

నమ్ముతారో లేదో, తొడలు అనేసరికి నక్క ఆగింది. లాభమా నష్టమా అని ఒక్క క్షణం లెక్కేసుకుంది. ఆ క్షణం చాలు.

ఆ పూట పంచాయతీ విందు బాగానే జరిగిందిట. దుప్పి మాత్రం తినకుండా వాటా ఇంటికి పట్టుకెళ్ళింది.

నీతి: కూర చిన్నదైనప్పుడు కమిటీని పెద్దది చెయ్యండి, కూర తక్కువైతే మెంబర్లున్నారు.