పదకొండు నోట్లు, రెండు వరసల పళ్ళు

ప్రపంచంలో ఏ మూల చెల్లకుండా పోయిన నోటైనా సరే, మన గడ్డమీద మళ్ళీ పుడుతుందని ఆర్థికమంత్రిగారు ప్రకటించారు. పాత విదేశీ నోట్లు తెచ్చి, రొక్కం పట్టుకెళ్ళమన్నారు. అలాంటి నోట్లు ఎవరి దగ్గరున్నాయో ఆయనకు తెలియదు. జనం దగ్గర ఏముందో తెలియకుండానే జనానికి మేలు చేయడం మామూలు నాయకులకు చేతకాదు.

ఆ వార్త చదివి, సరుకుల ఓడలో ఇరవయ్యారేళ్ళు వంటచేసి రిటైరైన వంటాయన లవంగాల డబ్బా దించాడు. అందులో పదకొండు నోట్లున్నాయి. ఆఖరి నెల జీతం కెప్టెన్ ఏదో దేశపు డబ్బులో ఇచ్చాడు. ఓడ ఇల్లు చేరేలోపు అక్కడ రాజు దిగిపోయాడు, ఆయన బొమ్మున్న నోట్లూ రద్దయ్యాయి. ఆ తర్వాత వంటాయన పళ్ళు కూడా ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి.

"వెళ్ళిరండి, కనీసం పళ్ళ సెట్టయినా వస్తుంది. మీరు తిట్టేది సగం అర్థంకాక ఇన్నాళ్ళూ ఊరుకుంటున్నాను," అంది భార్య.

నోట్ల మార్పిడి కేంద్రంలో పాలరాతి కౌంటర్లు పద్నాలుగు, టోకెన్ యంత్రాలు రెండు ఉన్నాయి. నోటు తెచ్చినవాడు మాత్రం ఒక్కడూ లేడు. ప్రారంభోత్సవానికొచ్చిన మంత్రిగారు రెండు గంటలుగా నీళ్ళు తాగుతూ కూర్చున్నారు. వంటాయన డబ్బాతో గుమ్మంలో కనపడగానే నలుగురు పోలీసులు ఆయన్ని అమాంతం ఎత్తుకున్నారు.

"నేనేం దొంగిలించలేదు బాబూ!" అని కేకపెట్టేలోపు మంత్రిగారి కౌగిట్లో పడ్డాడు.

"పెద్దాయనా, మీకోసమే ఈ కేంద్రం కట్టాను!" అన్నారు మంత్రిగారు గద్గదస్వరంతో. అట్టతో చేసిన తలుపంత బ్యాంకు చెక్కు వంటాయన చేతికిచ్చారు.

"నవ్వండి, పళ్ళు కనపడాలి," అన్నాడు ఫొటోగ్రాఫర్.

"వాటికోసమేనండీ వచ్చింది."

ఫొటో అయ్యాక చెక్కు వెనక్కి తీసుకున్నారు. పక్క ఊళ్ళో కూడా అదే వాడాలి. అసలు పని ఒకటో కౌంటర్లో మొదలైంది. అక్కడి ఆఫీసరు నోటును దీపానికి ఎదురుగా పట్టుకుని చూశాడు.

"ఈ బొమ్మలో ఉన్నదెవరు తాతగారూ?"

"అక్కడి రాజుగారండి."

"బతికే ఉన్నారా?"

"దించేశారని విన్నాను బాబూ."

"దించేశారంటే కుదరదు. బతికున్నట్టు ఆయన సర్టిఫికెట్ తేవాలి."

"నేనా?"

"నోట్లు మీవేగా!"

వంటాయన మంత్రిగారికి అర్జీ పెట్టాడు. మంత్రిగారు చలించిపోయారు. ఒక్క పౌరుడు నమలలేకపోయినా తనకు ముద్ద దిగదన్నారు. వెంటనే తన నాయకత్వంలో ఏడుగురితో హైలెవెల్ కమిటీ వేసి, పదకొండు నోట్లూ తీసుకుని ఆ దేశానికి విమానమెక్కారు. నాణేల నిపుణుడిగా ఆయన బావమరిది కూడా వెళ్ళాడు. చిన్నప్పుడు స్టాంపులు అంటించేవాడట.

ఈలోపు పేపర్లో చెక్కు ఫొటో చూసిన పళ్ళ డాక్టరమ్మ, ఇక డబ్బుకేం ఢోకా లేదని పళ్ళ సెట్టు తయారుచేసేసింది. అది ఆమె బల్లమీద నీళ్ళగ్లాసులో ఉంది. వంటాయన రోజూ వెళ్ళి చూసొచ్చేవాడు. ఒకసారి జాలిపడి పెట్టుకోనిచ్చింది కూడా.

"మాట్లాడి చూడండి. కొరకడం మాత్రం వద్దు, డబ్బు కట్టాకే," అంది.

ఆయన అద్దంలో చూసుకుంటూ ఓడలోని దినుసుల పేర్లన్నీ వరసగా పలికాడు. "జీడిపప్పు" మాత్రం రెండుసార్లు పలికాడు. పళ్ళు తీసి, కడిగి, గ్లాసులో వేసి ఇంటికొచ్చాడు.

పేపర్లో రోజూ మంత్రిగారి ఫొటోలే. సముద్రపొడ్డున చర్చలు, పడవలో చర్చలు, ఈత కొలనులో నడుందాకా దిగి చర్చలు.

"చూడండి, మీ పళ్ళకోసం ఆయనెంత నవ్వుతున్నాడో!" అంది భార్య.

పందొమ్మిదో రోజున మంత్రిగారు తిరిగొచ్చారు. ఎయిర్‌పోర్టులోనే సభ పెట్టారు. ఆ దేశం పదకొండు నోట్లకూ పూర్తి విలువ ఇచ్చిందన్నారు. అంతేనా, మన కరెన్సీలోనే ఇచ్చిందన్నారు! "మన నోటును వాళ్ళు ఖజానాలో దాచుకున్నారంటే, దేశం పరువు ఎక్కడికెళ్ళిందో ఊహించండి!" చప్పట్ల మధ్య, సీలు వేసిన కవరు వంటాయన చేతిలో పెట్టారు.

ఆయన సీలు విప్పకుండానే, భార్య చెయ్యి పట్టుకుని, తిన్నగా డాక్టరమ్మ దగ్గరికెళ్ళాడు. కవరు బల్లమీద పెట్టి పళ్ళు పెట్టుకున్నాడు. భార్య కొంగులోంచి వేయించిన జీడిపప్పు తీసింది. ఆయన ఒక్కటి కొరికాడు. కటుక్కుమన్న చప్పుడుకి ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు.

డాక్టరమ్మ కవరు విప్పి, నోట్లు తిరగేసి చూసింది.

"పెద్దాయనా, రెండోది కొరక్కండి," అంది. "ఇవి మన నోట్లే. కానీ తొమ్మిదేళ్ళ కిందటే మనవాళ్ళు రద్దుచేశారు."

పళ్ళు మళ్ళీ గ్లాసులోకి వెళ్ళాయి. వంటాయన కవరుతో ఒకటో కౌంటరుకు పరిగెత్తాడు. ఆఫీసరు నోటును దీపానికెత్తి చూసి, గౌరవంగా వెనక్కిచ్చాడు.

"ఇది స్వదేశీ నోటు తాతగారూ. ఇక్కడ విదేశీవే మారుస్తాం."

"మరి ఇవెక్కడ మారుస్తారు బాబూ?"

ఆఫీసరు సొరుగులోంచి కొత్త సర్క్యులర్ తీసి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

"వీటికి కేంద్రం ఆ రాజుగారి దేశంలోనే పెట్టారండి. మొన్న మన మంత్రిగారే రిబ్బను కత్తిరించి వచ్చారు."