ఎర్రగుడ్డ కట్టిన పోతు బొప్పాయి

ఆ సోమవారం పొద్దున జీవరాజు అనుకున్నది చాలా చిన్న పని. ద్రాక్షారామం పక్క పల్లెలో అచ్చిబాబు తోటకు వెళ్లాలి, విచ్చని బొప్పాయి మొగ్గలకు కాగితం సంచులు తొడగాలి, పదింటి బస్సు పట్టుకోవాలి. బొప్పాయిలో ఆడచెట్టూ మగచెట్టూ ఎలా వేరుపడ్డాయన్నది అతని పరిశోధన. దానికి రకరకాల మగచెట్ల పుప్పొడి కావాలి. రైతులేమో కాయ కాయని పోతు చెట్టు కనబడగానే కత్తి తీస్తారు. రెండేళ్లు తిరిగితే అతనికి దొరికినవి రెండే రెండు. రెండూ ఈ తోటలోనే ఉన్నాయి.

ఎవరూ నరక్కుండా వాటికి ఎర్రగుడ్డలు కట్టాడు.

"దిష్టికా మేష్టారూ?" అంది అచ్చిబాబు భార్య చిట్టెమ్మ.

"కాదండి పిన్నిగారూ. ఈ పోతు చెట్లు మాకు చాలా ముఖ్యమండి. రేపు మా మేడంగారొచ్చి రాసుకుంటారు."

చిట్టెమ్మ ఆ మాట కాలవ రేవులో చెప్పింది. అది కాఫీ హోటలుకు చేరేసరికి మేడంగారు కాస్తా ధవళేశ్వరం ఇంజనీరుగారయ్యారు. మధ్యాహ్నానికి సంగతి ఖాయమైపోయింది. ఊరి మీదుగా కొత్త కాలవ వస్తోంది, ఎర్రగుడ్డ కట్టిన చెట్టుకు నష్టపరిహారం ఇస్తారు, అదీ పోతు బొప్పాయికే. పోతు బొప్పాయికే ఎందుకని ఒక్కరూ అడగలేదు.

మర్నాడు తన పరిశోధనకు గైడైన మేడం మీనాకుమారిగారిని వెంటబెట్టుకొచ్చిన జీవరాజుకు తోటలో రెండు మొద్దులు కనిపించాయి. పక్కనే కత్తి పట్టుకుని అచ్చిబాబు నిలబడ్డాడు.

"ఇదేం పనండీ అచ్చిబాబుగారూ!"

"గుర్తుంటేనే గదండీ కాలవొచ్చేది? మీ పరిహారం మీరే ఉంచుకోండి. నా తోట మాత్రం ఇవ్వను!"

ఏ కాలవో జీవరాజుకు అంతుబట్టలేదు. ఈలోగా పక్కింటి బుల్లిరాజు పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మగారూ, మా చెట్టు కూడా రాసుకోండి! పరిహారం ఎక్కడ పోతుందోనని రాత్రంతా కాపలా కాశానండి!"

అతని వెనక సగం ఊరుంది. పశువులపాకల వెనకా, పెంటకుప్పల మీదా ఎప్పుడు మొలిచాయో తెలియని పోతు చెట్లన్నీ ఎర్రగుడ్డలు కట్టుకుని నిలబడ్డాయి. ఊదారంగు కాడలవి, పొట్టివి, జడకుచ్చుల్లా పూలు వేలాడేవి కలిసి నలభై ఒకటి లెక్క తేలాయి.

"జీవరాజూ, పదేళ్లు తిరిగినా మనకిన్ని రకాలు దొరికేవి కావయ్యా!" అంది మేడం, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

బుల్లిరాజు గొంతు తగ్గించాడు. "ఇంతకీ కాలవ పని ఎప్పుడండి?"

జీవరాజుకు అప్పుడు బోధపడింది. ఒకసారి మొద్దుల వంక, ఒకసారి ఎర్రగుడ్డల వంక చూశాడు.

"ముందు మాకు ఈ చెట్ల పుప్పొడి చేతికి రావాలండి. అందాకా ఒక్క చెట్టూ కొట్టకండి," అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదు, కాలవా లేదు.